ఆడికి పోయినాక చూపిచ్చుకుందాంలే

మంగళవారం, శుక్రవారం నావి కావు. ఆ రెండు రోజులూ తెల్లవారుజామున లేచి జమ్మలమడుగులో బస్సెక్కి, ముద్దనూరు మీదుగా పులివెందుల పోతాను. అక్కడి ఆసుపత్రిలో నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకుంటాను. ఒంట్లో రక్తమంతా గొట్టంలోంచి బయటికి పోయి, శుభ్రమై, ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. సాయంత్రానికి ఇల్లు చేరి మంచంలో పడితే మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేను. ఇది గురువారం రాస్తున్నాను. వారంలో నేను కాస్త మనిషిలా ఉండేది ఈ ఒక్క రోజు, మళ్ళీ ఆదివారం.

ఎందుకు రాస్తున్నానంటే, మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలు విదేశాల్లో చదువుకు కాగితాలు పెట్టుకుంటున్నారు. వాళ్ళ ఇళ్ళకు పోయి నాలుగు మాటలు చెబుదామనుకున్నాను. శుభమా అని పిల్ల పోతుంటే ఈ రోగిష్టిది వచ్చిందేమిటన్నట్టు వాళ్ళమ్మలు చూశారు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇచ్చినా నేను తాగకూడదనుకోండి. నోటితో చెబితే వినరు గనుక కాగితం మీద పెడుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. రాయకపోతే ఈ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

మాది దూదేకుల ఇల్లు. ముందు గదిలో నాయన పరుపుల అంగడి, వెనక రెండు గదుల్లో మేము. మా జేజి, అంటే నాయనమ్మ, పెళ్ళయి వచ్చిన కొత్తలో మా తాత విల్లుతో దూది ఏకేవాడట. ఇప్పుడు నాయనకు మిషన్ ఉంది. అన్న మస్తాన్ కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. నేను ప్రొద్దుటూరులో బి.ఫార్మసీ చదివాను. మందుల అంగట్లో నిలబడి మాత్రలు కత్తిరించి ఇవ్వడానికి కాదు నేను చదివింది అని ఒక పొగరు ఉండేది. ఇంగ్లండులో ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకున్నాను. కోర్సు పేరు ప్రజారోగ్యం. నవ్వుకోండి, నాకేం కోపం రాదు.

ఆ సీటు రావడానికి ఏడాది ముందే ఇంట్లో ఒక పని జరిగింది. బ్యాంకు అప్పు రావాలంటే, వీసాకు లెక్క చూపించాలంటే నాయన ఆదాయం కాగితం మీద కనబడాలన్నాడు ప్రొద్దుటూరులోని కన్సల్టెన్సీ సారు. ఆయనే ఆడిటరు దగ్గరికి పంపి ఐటీ రిటర్నులు వేయించాడు. పరుపులు కుట్టుకునే మా నాయన కాగితం మీద పెద్ద వ్యాపారస్తుడయ్యాడు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి అంగడికి వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. కొన్ని నెలలకు మా బియ్యం కార్డు తీసేశారు. ఇంత ఆదాయం ఉన్నవాళ్ళకు కార్డెందుకు ఉంటుంది, తప్పు వాళ్ళది కాదు.

జేజికి మాత్రం కడుపు మండింది. "అందరికీ బియ్యమిచ్చి మనకియ్యరంట. ఏందిరా ఇది, మనం యాడ దొరలమైతిమి?" అని నాయనను నిలదీసింది.

"పోనీలేమా. మనమరాలు లండన్ పోతాంటే నువ్వు చౌకబియ్యం కోసరం ఏడుస్తాండావే," అన్నాడు నాయన. ఇంగ్లండంతా ఆయనకు లండనే.

బియ్యం కార్డు పోతే దాని వెంట ఆసుపత్రి కార్డు కూడా పోతుందని మాకెవరికీ తట్టలేదు. ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు కదా.

పోయిన ఏడాది రంజాన్ నెల అయిపోయిన తర్వాత నా ముఖం నిండుగా అయింది. పొద్దున లేచేసరికి బుగ్గలు ఉబ్బి, కళ్ళు చిన్నవై కనిపించేవి. చుట్టాలు చూసి పాప ఒళ్ళు చేసింది, కళ వచ్చింది అన్నారు. ఎప్పుడూ ఎండుపుల్లలా ఉంటానని బాధపడే అమ్మ ఎంత మురిసిపోయిందో చెప్పలేను. దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసింది. నాకైతే మెట్లెక్కితే ఆయాసం, తిండి సయించదు. రోజాలు ఉన్నందువల్ల నీరసం అనుకున్నాం. మే నెలలో వీసాకు కావాలని హైదరాబాదు పోయి ఛాతీ ఎక్స్‌రే తీయించుకుని వచ్చాను. క్షయ లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ ఒక్క జబ్బు లేదని రాసిన కాగితాన్ని మా ఇంట్లో ఏ జబ్బూ లేదన్నట్టు చదువుకున్నారు.

జూన్‌లో వీసా దరఖాస్తు నింపడానికి నాయనా నేనూ ప్రొద్దుటూరు పోయాం. బట్టల అంగడి పైన చిన్న గది. కంప్యూటర్ ముందు కూర్చున్న సారు ఒక చోట ఆగి నాయన వైపు తిరిగాడు.

"ఇది ఆరోగ్యం ఫీజప్పా. వీసా ఫీజు వేరే, ఇది వేరే. వీసా ఉన్నన్నినాళ్ళకూ ఒకేసారి ఇప్పుడే కట్టాల."

ఎంత కట్టాలో విని నాయన ముఖం వాడిపోయింది. అంగట్లో ఆరు నెలలు కుట్టినా అంత మిగలదు. "జబ్బే లేని పిల్లకు ఎందుకప్పా?" అన్నాడు.

"కట్టకుంటే దరఖాస్తు ముందుకు పోదు. కడితే మాత్రం ఏడాది నాలుగు నెల్లు ఆడ గవర్మెంటు ఆసుపత్రిలో బిల్లు అడగరు."

"జ్వరమొచ్చినా అడగరా?"

"జ్వరమేంది, గుండె ఆపరేషన్ చేసినా అడగరు."

నాయన ముఖం మళ్ళీ వెలిగింది. తిరుగు బస్సులో పక్క సీటులో ఉన్న ముసలాయనకు కూడా చెప్పాడు, మా పాపకు ఆడ గుండె ఆపరేషన్ కూడా ఉచితమని. నేను సిగ్గుతో కిటికీ వైపు తిరిగాను. చెప్పుల పట్టీ పాదంలోకి దిగిపోయి ఉంది. ఇల్లు చేరి చెప్పులు విప్పితే పట్టీ ఉన్నచోట వేలు పట్టేంత గుంట.

ఆ గుంట అమ్మ చూసింది. వేలితో ఇంకోచోట నొక్కింది. అక్కడా గుంట పడింది. అప్పటిదాకా కళ అనుకున్నది అమ్మకు ఆ క్షణంలో భయమైంది.

"ఒకసారి డాక్టరుకు చూపిద్దామా?" అంది.

"దుడ్లు కట్టినాం గదా," అన్నాడు నాయన. "పత్తి పోసినోడు పరుపు కుట్టిచ్చుకోకుండా పోతాడా? ఇంగ రెండు నెల్లు. ఆడికి పోయినాక పెద్ద డాక్టరుకే చూపిచ్చుకుంటాదిలే."

మా అంగడికి కొందరు సొంత పత్తి తెచ్చి పోస్తారు. పోసినవాళ్ళు పరుపు కుట్టేదాకా అరుగు దిగరు. తమ పత్తిలో పిడికెడు కూడా పోకూడదని మధ్యాహ్నం అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంటారు. అలాంటి మనుషుల మధ్య నలభై ఏళ్ళు బతికిన నాయనకు, ముందే ఇచ్చిన సొమ్మును వదిలిపెట్టి ఇక్కడ మళ్ళీ ఖర్చు పెట్టడమంటే తెలివితక్కువతనం.

ఆయన్ను తిట్టడం సులభం. నేనేమన్నాను? "అంతేలే నాయనా," అన్నాను. మూత్రంలో నురుగు వస్తే అర్థమేమిటో మూడో సంవత్సరంలో పరీక్ష రాసి పాసైనదాన్ని. ప్రతి పొద్దునా ఆ నురుగు చూసి, నీళ్ళు పోసేసి, చేతులు కడుక్కుని బయటికి వచ్చేదాన్ని. ఒక్క రక్తపరీక్ష చేయించుకుంటే చాలు. కానీ ఏదైనా బయటపడితే వీసా రాదేమోనని భయం. కన్సల్టెన్సీ సారును ఫోన్లో అడిగితే, వాళ్ళకు కావలసింది ఎక్స్‌రే ఒక్కటే, అయినా ఇప్పుడు కొత్త కాగితాలెందుకు పుట్టించుకుంటావు, పోయినాక చూసుకో అన్నాడు. నేను వినాలనుకున్న మాటే ఆయన నోట విన్నాను. ఊరగాయ జాడీతో పాటు జబ్బును కూడా పెట్టెలో సర్దుకున్నాను.

వీసా ఆగస్టులో వచ్చింది. జేజి చక్కెర తెప్పించి ఫాతెహా చదివించింది. నాయన అంగడి మూసి మూడు రోజులు కూర్చుని నాకోసం బొంత కుట్టాడు. అంతకు ముందు మా ఇంట్లో ఎవరికీ వాడని మేలు రకం దూది. ఆ చలికి ఇంగ్లీషోళ్ళ దుప్పట్లు ఆగవని ఆయన నమ్మకం. బొంత మడత పెట్టి పెట్టెలో పెట్టబోతూ నేను ఊపిరి అందక కింద కూర్చుండిపోయాను. లోపల ఎవరో నీళ్ళు నింపుతున్నట్టుంది. అమ్మ అరుపు విని నాయన మిషన్ ఆపకుండానే పరిగెత్తుకొచ్చాడు.

ప్రొద్దుటూరులో ప్రైవేటు డాక్టరు రిపోర్టు చూసి, వంగి నా పాదం వేలితో నొక్కాడు.

"ఈ వాపు ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"రంజాన్ అయినకాడ్నుంచి సార్," అంది అమ్మ.

"అప్పుడు తెచ్చింటే మందులతో నిలబెట్టేవాళ్ళం. ఇప్పుడు రెండు కిడ్నీలూ పోయినట్టే."

ఆయన గదిలో గోడకు ఒక పాప ఫోటో ఉంది, పూలగౌను వేసుకుని. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. నాయన నా వెనక నిలబడ్డాడు. ఆయన ఊపిరి వినబడుతోంది. అప్పుడు నాకు ఏడుపు రాలేదు. పెట్టెలో ఊరగాయ నూనె కారుతుందేమో, మూత గట్టిగా పెట్టానా అని ఆలోచించాను. మనసు అంత నీచంగా పారిపోతుందని అప్పుడే తెలిసింది.

అక్కడి నుంచి పులివెందుల పొమ్మన్నారు. డబ్బు కట్టే పని లేదు, కార్డు ఉంటే చాలన్నారు. కౌంటరులో ఉన్నతను నాయన ఆధార్ నంబరు కొట్టి, తల ఊపి, మళ్ళీ కొట్టాడు.

"మీ పేర కార్డు లేదు పెద్దాయనా. ఆదాయం ఎక్కువుందని చూపిస్తాండాది."

నాయన చొక్కా లోపలి నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. ఐటీ కాగితం తీస్తాడనుకున్నాను. ఆయన తీసింది ఆరోగ్యం ఫీజు రసీదు. మడతలు విప్పి, కౌంటరు రంధ్రంలోంచి లోపలికి తోశాడు.

"మేం ముందే కట్టినాం సార్. ఏడాది నాలుగు నెల్లకు కట్టినాం. గుండె ఆపరేషన్ అయినా చేస్తారంట దీంట్లో. ఇది ఈడ పనికిరాదా?"

వెనక వరుసలో ఎవరో నవ్వారు. కౌంటరులో అతను నవ్వలేదు. ఆ ఇంగ్లీషు కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాడు, లేకపోతే చదివినట్టు నటించాడు. తర్వాత దాన్ని ఉన్న మడతల్లోనే మడిచి రెండు చేతులతో వెనక్కి ఇచ్చాడు. "ఇది ఆ దేశంలో నడుస్తాది పెద్దాయనా, ఈడ నడవదు. మీరు పాపను లోపలికి తీసకపోండి, డాక్టరుతో నేను మాట్లాడతా," అన్నాడు. అతని పేరు నాకు ఇప్పటికీ తెలియదు. మా నాయనను ఆ రోజు మనిషిగా చూసింది అతనొక్కడే.

సెప్టెంబరులో కాలేజీ మొదలవుతుంది. ఆ నెలంతా ఇంట్లో ఒకటే మాట, ఎట్లాగైనా విమానం ఎక్కిస్తే చాలు. "ఆడ దిగినాక వాళ్ళే చూసుకుంటారు. కట్టినాం గదా," అంటాడు నాయన. నేనూ ఆశపడ్డాను, దాచడం ఎందుకు. మిషన్‌కు మిషన్‌కు మధ్య మూడు రోజుల ఎడం ఉంటుంది. ఎర్రగుంట్లలో రైలెక్కి హైదరాబాదు, అక్కడి నుంచి విమానం, రెండు రోజుల్లో అక్కడ ఉంటాను. ఆసుపత్రి గడప దగ్గర పడిపోయినా చాలు, ఎత్తి లోపల పెడతారు. వేళ్ళ మీద గంటలు లెక్క పెట్టుకునేదాన్ని.

పులివెందుల డాక్టరమ్మను అడిగాను. ఆమె కోప్పడలేదు. "ఊపిరితిత్తుల్లో ఇంకా నీరుంది నూర్జా. విమానం ఎక్కేది నువ్వే, దిగేది నువ్వు అవునో కాదో నేను చెప్పలేను," అంది.

యూనివర్సిటీకి ఉత్తరం రాస్తే చాలా మర్యాదగా జవాబిచ్చారు. ఆరోగ్యం చూసుకోమన్నారు, సీటు మరుసటి ఏడాదికి ఉంచుతామన్నారు. వీసా మాత్రం కొత్తగా తీసుకోవాలి, ఆరోగ్యం ఫీజు కూడా కొత్తగానే కట్టాలి. పాత ఫీజు సంగతేమిటని నాయన కన్సల్టెన్సీకి పోయి అడిగాడు.

"వీసా రాకపోయింటే ఆ దుడ్లు వెనక్కొచ్చేటివప్పా. వీసా వచ్చి మనిషి పోకుంటే రావు," అన్నాడట సారు.

వీసా రావాలని జేజి మొక్కని దర్గా లేదు. ఆ మొక్కులే ఫలించాయి. మేం కట్టిన రసీదు ప్రకారం ఈ రోజుకీ ఆ దేశంలో నాకు వైద్యం ఉచితం. వచ్చే జనవరి దాకా ఏ ఆసుపత్రికి పోయినా నన్ను పైసా అడగరు. మంగళవారం బస్సులో కూర్చున్నప్పుడు ఈ మాట గుర్తొస్తే తల కిటికీకి కొట్టుకోవాలనిపిస్తుంది.

కార్డు తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. పాపను పంపడానికి ఆదాయం ఎక్కువ రాయించామని నాయన ప్రతి టేబుల్ దగ్గరా నిలబడి ఒప్పుకున్నాడు. ఆ నాలుగు నెలలు అన్న పంపిన దాంతో, నా చదువుకని పక్కన పెట్టిన దాంతో గడిచింది. అమ్మ నాయనకు అన్నం పెట్టి పక్క గదిలోకి పోయేది. జేజి ఒక్కతే పైకి అనేది, "కార్డు తీసేసినప్పుడే నేను మొత్తుకుంటి, ముసల్దాని మాట ఎవరికి కావాల," అని. ఒక పొద్దున నాయన అంగట్లో దూది కుప్పలో ముఖం పెట్టి ఏడవడం చూశాను. నన్ను చూసి దుమ్ము పడిందన్నాడు. నేను వెనక్కి వచ్చేశాను. ఓదార్చాలని అనిపించలేదు. ఆయన మీద జాలి, అసహ్యం రెండూ ఒకేసారి ఉండేవి. ఇప్పుడూ ఉన్నాయి.

మిషన్ గదిలో ఏసీ చల్లగా ఉంటుంది. రక్తం బయట తిరిగి వస్తుంటే వణుకు పుడుతుంది. నాయన లండన్ కోసం కుట్టిన బొంత అక్కడికి తీసుకుపోతాను. పక్క మంచంలో ఓబులేసు మామ ఉండేవాడు, కొండాపురం దగ్గర పునరావాస కాలనీ మనిషి. ఆయన ఊరు గండికోట జలాశయం నీళ్ళ కింద ఉంది. మొదటి రోజు నేను దాహంతో ఏడుస్తుంటే ఆయనే పలకరించాడు.

"నీళ్ళు గుటకేయద్దు పాపా. ఐసుముక్క బుగ్గన పెట్టుకో, శానాసేపు వస్తాది. ఊరు మునిగినోణ్ని చెప్తాండా, నీళ్ళతో పెట్టుకోవద్దు," అని ఆయనే నవ్వాడు. ఆ సంవత్సరంలో నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. బొంతలో సగం ఆయన మంచం మీదికి జరిపేదాన్ని; ఆయన చేయి వేసి దూది నొక్కి చూసి, "మీ నాయన పనోడే," అనేవాడు. ఈ మార్చిలో ఒక శుక్రవారం ఆ మంచంలో వేరే మనిషి ఉన్నాడు. నర్సమ్మ నా వైపు చూడకుండా సూది గుచ్చింది. నేను బొంత మొత్తం నా మీదికే లాక్కున్నాను.

చెప్పదలచుకున్నది ఇంతే. అమ్మాయిలూ, ఆ ఫీజు కట్టండి, కట్టక తప్పదు. కానీ అది ఆ గడ్డ మీద కాలు పెట్టాక పనికొచ్చేది. ఇక్కడ వచ్చిన జబ్బును అక్కడి దాకా మోసుకుపోవాలని చూడకండి. పరీక్ష చేయించుకుంటే వీసా పోతుందేమోనని భయపడకండి. పోతే వీసా పోతుంది, అంతేగా.

ఇంత తెలివిగా రాశాక కాగితం మూసేసి ఉంటే బాగుండేది. మధ్యలో అన్న ఫోన్ చేశాడు.

నాకు కిడ్నీ ఇవ్వడానికి అమ్మా నాయనా ఇద్దరూ పనికిరారు, ఇద్దరికీ షుగరు. మిగిలింది అన్న. రక్తం గ్రూపు కలిసింది. ఆలస్యం చేస్తే గుండె దెబ్బతింటుందని డాక్టరమ్మ పోయిన నెలే హెచ్చరించింది. కానీ ఈ ఏడాది చివర్లో అన్నకు కువైట్‌లో వీసా రెన్యువల్ ఉంది. దానికి మెడికల్ ఉంటుంది. ఒక్క కిడ్నీ మనిషిని చూసి ఏమంటారో అన్నకు తెలియదు, మాకు తెలియదు. అన్న ఇంటికొచ్చేస్తే ఈ ఇంట్లో పొయ్యి వెలిగించేది ఎవరో కూడా తెలియదు.

"టికెట్ తీసుకుంటాండా," అన్నాడు అన్న. "ఏదైతే అదైతాది. వచ్చేస్తా. నువ్వు ఊ అను."

నాకు ఇరవై నాలుగేళ్ళు. నాకు బతకాలని ఉంది. ఊ అనడానికే నోరు తెరిచాను.

"తొందర పడొద్దన్నా. ముందు ఆ మెడికల్ కానీయ్, రెన్యువల్ కానీయ్. అది అయినాక చూసుకుందాంలే," అన్నాను.

ముందు గదిలో మిషన్ ఆగింది. నాయన గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, కనుబొమల మీద దూది. ఆ మాట ఎవరిదో ఆయనకు తెలుసు. నేను ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను. ఆలస్యం వద్దంటాడని, ఫోన్ లాక్కుని కొడుకును ఇప్పుడే రమ్మంటాడని ఎదురు చూశాను.

ఆయన కనుబొమల మీది దూది తుడుచుకుని వెనక్కి పోయాడు. మిషన్ మళ్ళీ మొదలైంది.